ఎల్బె ఒడ్డున బుడమేరు

జర్మనీలో చదువుకున్నానంటే మనవాళ్ళు మొట్టమొదట వేసే ప్రశ్న ఒక్కటే: "అక్కడ ఫీజు లేదటగా?" బందరు రోడ్డు మీద సిటీ బస్సులో పక్క సీటావిడ అడిగింది. మా వూరి పాలకేంద్రం దగ్గర అడిగారు. ఆఖరికి యీ సంచికకు ఏదైనా వ్రాయమని వచ్చిన యూనియన్ కార్యదర్శి కూడా అదే అడిగాడు. ఫీజు లేనిమాట నిజమే. అయితే ఆ "లేదు" వెనక ఒక లెక్క వుంది. ముందు అది చెప్పి, తర్వాత అసలు సంగతికి వస్తాను.

జర్మనీలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు వుండదు. దక్షిణాన బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం మాత్రం 2017 నుంచి మనలాంటి పరదేశీయుల దగ్గర సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటోంది. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2024 లో అంతకంటే ఎక్కువే మొదలుపెట్టింది. నేను చేరిన డ్రెస్డెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం తూర్పున సాక్సనీ రాష్ట్రంలోది. అక్కడ ఆర్నెల్లకోసారి సుమారు మూడు వందల యూరోల సెమిస్టరు చందా కడితే చాలు. బాగానే వుంది కదా? కానీ వీసా ఇవ్వాలంటే ఏడాదికి సరిపడా ఖర్చుల సొమ్ము ముందే జర్మనీలో ఒక ఖాతాలో వేసి చూపించాలి. దాన్ని వాళ్ళ భాషలో "స్పెర్‌కోంటో" అంటారు, అంటే తాళం వేసిన ఖాతా అన్నమాట. డబ్బు మనదే, కానీ నెలకింత అని వాళ్ళు వదిలినదే మన చేతికి వస్తుంది. నేను వెళ్ళిన 2023 లో అది 11,208 యూరోలు, అంటే నెలకు 934. మన లెక్కలో అప్పటికి పది లక్షల రూపాయలు.

పది లక్షలు మా నాన్న దగ్గర లేవు. వున్నది రెండెకరాల మాగాణి. అందులో కాలవకట్ట పక్కన అరెకరం నాకు పసుపుకుంకుమ కింద ఇస్తానని నా చిన్నప్పటినుంచీ అంటుండేవాడు. చదువు అప్పుకోసం బ్యాంకుకు వెడితే వ్యవసాయ భూమి హామీగా పెట్టుకోమన్నారు. ఇల్లు వుందిగా అన్నారు. ఇల్లు మామ్మ పేరు మీద వుంది. నాన్న రెండురోజులు ఏమీ మాట్లాడలేదు. మూడోనాడు పొద్దున్నే వచ్చి, "అమ్మాయ్, నీ అరెకరం నువ్వే తీసుకుపో" అన్నాడు. ఆ సార్వాకు ఆ చేను ఇంకొకరు ఊడ్చుకున్నారు.

తక్కినదంతా కాగితాల పని. 2022 నవంబరు నుంచి మన విద్యార్థులు ఏ.పి.ఎస్. అనే సంస్థచేత డిగ్రీ కాగితాలు నిజమైనవేనని ధ్రువీకరణ చేయించుకుంటేగాని వీసాకు దరఖాస్తు పెట్టడానికి వీల్లేదు. దానికి 18,000 రూపాయలు. మార్కులు మార్చే సూత్రం ఒకటుంది. మనకు వందకు గరిష్ఠం, నలభైకి పాస్ అయితే, నా 76 శాతం వాళ్ళ పద్ధతిలో 2.2 అవుతుంది. అక్కడ 1 ఉత్తమం, 4 దాటితే తప్పినట్టే. ఆ కాగితం చూసి నాన్న, "అంత చదివితే రెండు మార్కులేనా!" అన్నాడు. ఇప్పటికీ వూళ్ళో కొందరికి ఆ మాటే గుర్తు.

2022-23 శీతాకాలపు సెమిస్టరుకల్లా జర్మనీలోని విదేశీ విద్యార్థుల్లో మనదేశం వాళ్ళు చైనావాళ్ళను దాటి మొదటి స్థానానికి వచ్చారు. ఆ మరుసటి ఏటి లెక్క 49,483 మంది. కనుక నేనేదో కొలంబస్ యాత్ర చేశానని చెప్పుకోవడం లేదు. మా డ్రెస్డెన్ హాస్టల్లో ఒక అంతస్తు వంటింట్లో ఆదివారం పూట గోంగూర వాసన వచ్చేది. గుంటూరు అమ్మాయి, తణుకు అబ్బాయి, వరంగల్ దంపతులు అక్కడే చేరేవాళ్ళు. ఇంటి బెంగ గురించి పేజీలు నింపవచ్చు గానీ అందరికీ తెలిసిందే కాబట్టి వదిలేస్తున్నాను.

నేను తీసుకున్నది జలశాస్త్రం. ఎందుకని అడిగితే మా తాతయ్య పేరే చెప్పాలి. ఆయన బందరు కాలవ మీద లష్కరు. యీ తరానికి ఆ మాటే తెలియదు. కాలవ తూములు ఎత్తడం, దించడం, కట్టలు కాపలా కాయడం, లాకు గోడకు వున్న గేజీ పలక మీద నీటిమట్టం చూసి పుస్తకంలో వ్రాయడం లష్కరు పని. జీతం చిన్నదే గాని, తాతయ్య తూము దించితే పొలాలు ఎండుతాయి, ఎత్తితే తడుస్తాయి. అర్ధరాత్రి లాంతరు పట్టుకుని వెళ్ళి గేజీ చూసి వచ్చేవాడట. "నీళ్ళు అబద్ధం చెప్పవు, పుస్తకం చెబుతుంది. అందుకని కళ్ళతో చూసిందే వ్రాయాలి" అనేవాడు.

డ్రెస్డెన్‌లో ఎల్బె నది ఒడ్డున, పాత అగస్టస్ వంతెన దగ్గర కూడా ఒక గేజీ వుంది. పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచి అక్కడ నీటిమట్టాలు వ్రాస్తూనే వున్నారు. నెపోలియన్ వచ్చి వెళ్ళాడు, రెండు ప్రపంచయుద్ధాలు జరిగాయి, 1945 ఫిబ్రవరి బాంబుదాడుల్లో నగరం బూడిదైంది, తర్వాత నలభై ఏళ్ళు తూర్పు జర్మనీ అనే దేశం వుండి పోయింది. ప్రభుత్వాలు మారినా ఆ లెక్క కొనసాగింది. మొదటిసారి ఆ గేజీ ముందు నిలబడ్డప్పుడు తాతయ్య వుంటే ఎంత బావుండుననిపించింది. ఎండాకాలం నీరు బాగా తగ్గితే ఎల్బెలో "ఆకలి రాళ్ళు" బయటపడతాయి. చెక్ దేశం సరిహద్దు దాటాక దెచిన్ పట్నం దగ్గర ఒక రాయి మీద 1616 నాటి గుర్తు కూడా కనిపిస్తుంది. ఆ రాయి కనిపిస్తే కరువేనని లెక్క. వరద వస్తే ఇళ్ళ గోడల మీద గీత గీసి, తేదీ చెక్కుతారు. 2002 ఆగస్టు 17 న డ్రెస్డెన్‌లో నీరు 9 మీటర్ల 40 సెంటీమీటర్లకు చేరింది. నేనున్న వీధిలోనే ఒక బేకరీ గుమ్మం పక్కన నా భుజం ఎత్తున ఆ గీత వుంది.

మా విశ్వవిద్యాలయంలో హ్యూబర్ట్ ఎంగెల్స్ అనే ఆచార్యుడు 1898 లో నదుల నమూనాలతో పరిశోధించే శాశ్వత ప్రయోగశాల స్థాపించాడు. ప్రపంచంలో అటువంటివాటిలో అదే మొదటిదంటారు. నది మొత్తాన్ని గదిలో కాలవగా తెచ్చి, ఇసుక పోసి, నీరు వదిలి చూడడం. చైనా పసుపునది గట్ల మీద కూడా ఆయన యిలాగే ప్రయోగాలు చేశాడు. ఆ పేరుతో వున్న లాబొరేటరీలో నేను గచ్చు కడిగాను, గాజుతొట్టెలు తుడిచాను, చివరికి కొలతలు కూడా తీశాను. విద్యార్థి సహాయకులను అక్కడ "హివి" అంటారు. గంటల లెక్కన జీతం. ఆ ఉద్యోగం తర్వాత నాకు ఎలా అక్కరకొచ్చిందో చెబుతాను.

పరీక్షల సంగతి ఒక్కమాట. ఒక పరీక్షకు మొత్తం మూడు అవకాశాలు. మూడోసారీ తప్పితే ఆ కోర్సులోంచి పేరు కొట్టేస్తారు, ఆ పేరు పోయిందంటే వీసా కూడా ప్రశ్నార్థకమే. గోదావరి వైపు నుంచి వచ్చిన ఒక తోటి విద్యార్థి భూగర్భజలాల పేపరులో అలాగే దెబ్బతిన్నాడు. తెలివితక్కువవాడు కాదు. రాత్రి పార్సిళ్ళ గిడ్డంగిలో పని, పగలు తరగతి, ఇంటిదగ్గర నెలనెలా వాయిదా. పరీక్ష గదిలో ఆచార్యుడు సూత్రం అడగడు. "యీ బావిలో నీరు ఎందుకు తగ్గిందో మీ మాటల్లో చెప్పండి" అంటాడు. అలసిపోయిన మనిషికి మాటలు రావు. అతను సామాను సర్దుకుని వెళ్ళిననాడు స్టేషనులో మేమెవరం ఏమీ మాట్లాడలేకపోయాం. ఫీజు లేదటగా అని అడిగేవాళ్ళకు నేను యీ కథ కూడా చెబుతుంటాను, విసుక్కున్నా సరే.

ఇక 2024 సెప్టెంబరు. ఒకటో తేదీ ఆదివారం. అక్కడ ఉదయం ఏడు, మనకు పదిన్నర. మా అక్క వాళ్ళు సింగ్‌నగర్‌లో వుంటారు. బావకు చిన్న ఎలక్ట్రికల్ షాపు. అక్క ఫోను చేసి, "వీధిలో మోకాలిలోతు నీళ్ళే, గంటలో పోతాయిలే" అంది. మధ్యాహ్నం చేసినప్పుడు, "పైన ఓనరుగారి వాటాలో వున్నాం, బీరువా మునిగింది" అంది. రాత్రికి ఫోను మూగబోయింది. మళ్ళీ ఆ గొంతు విన్నది మంగళవారం సాయంత్రం.

ఆ రెండురోజులూ నా ముందు కంప్యూటరు, తెరమీద కృష్ణాజిల్లా పటం. ఏం జరుగుతున్నదో నాకు తెలుసు. అదే బాధ. బుడమేరు మైలవరం కొండల్లో పుట్టి కొల్లేటికి పోయే వాగు. వానాకాలం తప్ప ఎవరూ దాన్ని లెక్కచేయరు. అది విజయవాడ మీద పడకుండా వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, మళ్ళింపు కాలవ ద్వారా ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిపారు. ఆ కాలవ 15,000 క్యూసెక్కులకు కట్టింది. ఆనాడు అంతకు రెట్టింపుకు మించిన నీరు వచ్చింది. పోనీ వచ్చిందంతా కృష్ణలోకి పోతుందా అంటే, అదే సమయానికి కృష్ణ పొంగి వుంది. సెప్టెంబరు రెండున బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారు. 1957 లో బ్యారేజీ కట్టిన దగ్గరనుంచీ అంత వరద లేదు. 2009 అక్టోబరు వరద కూడా దీని తర్వాతదే. నది మట్టం ఎత్తుగా వుంటే కాలవ నీరు దిగదు, వెనక్కి తంతుంది. మళ్ళింపు కాలవకు మూడుచోట్ల గండ్లు పడ్డాయి. నీరు పాతదారి వెతుక్కుంది. ఆ పాతదారిలో ఇప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట వున్నాయి. సైన్యం వచ్చి, ఆఖరి గండి ఏడో తేదీకి పూడ్చారు.

ఇదంతా నేను సెమినారులో చెప్పగలను, బొమ్మ గీసి చూపగలను. మా అక్క మేడమీద ఇద్దరు పిల్లలతో బిస్కెట్టు పొట్లం కోసం డ్రోను వంక చూస్తున్నప్పుడు ఆ చదువు ఎందుకు పనికివచ్చిందని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

నీరు తీశాక నష్టం లెక్క తేలింది. షాపులో మోటార్లు, వైండింగ్ తీగ, ఫ్యాన్లు అన్నీ బురద. ఇంట్లో బియ్యం దగ్గరనుంచి పిల్లల పుస్తకాల వరకు పోయాయి. నా దగ్గర ఎండాకాలమంతా గిడ్డంగిలో పనిచేసి కూడబెట్టిన మూడువేల యూరోలు వున్నాయి. కానీ అక్టోబరులో నా నివాస అనుమతి పొడిగించుకోవాలి. దానికి మళ్ళీ ఏడాది ఖర్చుకు ఆధారం చూపాలి. ఆ సొమ్మును సరిగ్గా ఆ సెప్టెంబరు ఒకటో తేదీ నుంచే నెలకు 934 నుంచి 992 యూరోలకు, అంటే ఏడాదికి 11,904 కు పెంచారు. విజయవాడ మునిగిన తేదీ, యీ పెరిగిన తేదీ ఒకటే! యాదృచ్ఛికమే అనుకోండి, నాకు మాత్రం రెండూ కలిసే గుర్తుంటాయి.

"వద్దే, నీ వీసాకి వుంచుకో. నువ్వు తిరిగొచ్చేస్తే నాన్న అరెకరం బూడిదలో పోసినట్టే" అంది అక్క. రెండువేలు పంపాను. పంపి రెండు రాత్రులు నిద్రపోలేదు.

ఆ వారంలోనే మరొక విచిత్రం. సెప్టెంబరు 11 తెల్లవారుజామున మూడు గంటలవేళ డ్రెస్డెన్‌లో కరోలా వంతెనలో ఒక భాగం ఎల్బెలోకి కూలిపోయింది. రోజూ ట్రాములు తిరిగే భాగమే. ఆఖరి ట్రాము దాటిన కొద్ది నిమిషాలకు కూలింది కనుక ఒక్క ప్రాణమూ పోలేదు. 1971 లో పూర్తయిన వంతెన. లోపలి ఉక్కు తీగలు తుప్పుతో చిట్లాయని తర్వాత తేల్చారు. వంతెన శిథిలాలు నదిలో వుండగానే ఎగువన వానలు పడి ఎల్బె ఆరు మీటర్ల దరిదాపుకు పొంగింది. జర్మనీలో ఏదీ కూలదు, అన్నీ గడియారంలా నడుస్తాయి అని మనలో చాలామందికి ఒక నమ్మకం. 2021 జులైలో అదే దేశంలో ఆర్ లోయలో ఒక్కరాత్రి వరదకు 130 మందికి పైగా చనిపోయారు. హెచ్చరికలు లేక కాదు, అందవలసినవాళ్ళకు వేళకు అందక. నీళ్ళకు పాస్‌పోర్టు వుండదు.

అదలా వుంచండి. మా ఆచార్యుడి దగ్గరకు వెళ్ళి నా థీసిస్ విషయం మార్చుకుంటానన్నాను, బుడమేరు మీద చేస్తానన్నాను. ఆయన సానుభూతి మాటలేమీ చెప్పలేదు. "నీటిమట్టాలు ఎక్కడున్నాయి?" అని అడిగాడు. ఉపగ్రహపు పటంలో భూమి ఎత్తులు ఉచితంగా దొరుకుతాయి. కానీ వాటిలో మీటర్ల కొద్దీ తప్పు వుంటుంది. మన డెల్టాలో కిలోమీటరు నడిచినా నేల వాలు అడుగు కూడా వుండదు. వచ్చిన నీరేమో అయిదారడుగులు. మీటరు తప్పున్న పటంతో అయిదడుగుల వరదను లెక్కకట్టడమంటే కొబ్బరికాయల తక్కెడలో బంగారం తూచడమే. "మీ వూళ్ళో గోడల మీద మరకలు వుంటాయి కదా? అవి కొలుచుకు రండి. త్వరగా వెళ్ళండి" అన్నాడు. హివి ఉద్యోగం గంటలు పెంచి ఏడాదికి ఒప్పందం వ్రాయించి ఇచ్చాడు. ఆ ఒప్పందం, మిగిలిన వెయ్యి యూరోలు, నాన్న పంపిన కొద్ది సొమ్ము అన్నీ కలిపి చూపిస్తే నా అనుమతి పొడిగించారు.

సంక్రాంతికి రావడానికి టిక్కెట్టు వరదకు ముందే కొనివుంది. 2025 జనవరి మొదటివారంలో దిగాను. సింగ్‌నగర్ వెళితే గుండె గుభేలుమంది. పండుగ కదా! వీధి వీధినా సున్నాలు, రంగులు. ఎవరు మాత్రం బురద మరకను గుమ్మం ముందు వుంచుకుంటారు? జర్మనీలో గీత చెక్కి తేదీ వేసేవాళ్ళను చూసి మనవాళ్ళను తప్పుబట్టడం తేలికే. కానీ నాలుగు నెలలు ఆ మరక చూస్తూ బతికినవాళ్ళకు ఆ సున్నం ఎంత అవసరమో మా అక్క మొహంలో చూశాను. 1977 నవంబరు 19 ఉప్పెన నీరు ఎక్కడిదాకా వచ్చిందో దివిసీమలో మా అమ్మమ్మ వాళ్ళు చెట్లు చూపించి చెప్పేవారు. ఆ చెట్లు ఇప్పుడు లేవు, చెప్పేవాళ్ళూ తగ్గిపోయారు.

మన కాలేజీ సివిల్ విభాగంలో ఒక లెక్చరరుగారు సహాయం చేయకపోతే నా పని అక్కడితో ఆగేది. లెవెలింగ్ యంత్రం, స్టాఫు, నలుగురు మూడో సంవత్సరం విద్యార్థులను ఇచ్చారు. పండుగ సెలవుల్లో ఇళ్ళకు వెళ్ళవలసిన పిల్లలు. పదకొండు రోజులు, ఆరు వీధులు. సున్నం వేయని పక్కగోడలు, మెట్లకింద గదులు, కరెంటు మీటరు పెట్టెల వెనకభాగాలు, ఒకచోట గుడి ధ్వజస్తంభం దిమ్మె. ఎక్కడ మరక మిగిలితే అక్కడ కొలిచాం. మరక లేనిచోట ఇంటివాళ్ళను అడిగాం. మొదట, "ఏమ్మా, నష్టపరిహారం వ్రాస్తున్నారా?" అని చుట్టూ చేరేవారు. కాదంటే మొహాలు వాడిపోయేవి. అయినా టీ ఇచ్చేవారు. ఒక ముసలమ్మ మాత్రం చెయ్యి తన మెడదగ్గర పెట్టి, "ఇక్కడికి. నేను బల్లమీద నిలబడ్డా. బల్ల ఎత్తు కూడా కొలుచుకో" అంది. ఆ బల్ల కొలిచాం. ఒక అడుగు ఏడంగుళాలు. మా పట్టికలో అన్నిటికంటే నమ్మదగిన కొలత అదే అయింది.

బావ వాళ్ళ గోడకు అప్పటికి ఒకవైపు రంగు పడింది. రెండోవైపు జానెడు మేర వదిలెయ్యమన్నాను. "నీ చదువుకు మా గోడ కావాలా!" అని నవ్వి వదిలేశాడు. పిల్లాడు దానిమీద పెన్నుతో తేదీ కూడా వేశాడు.

2025 సెప్టెంబరులో థీసిస్ సమర్పించాను. మొదటిసారి లెక్కకట్టినప్పుడు నా నమూనా పాయకాపురం వైపు నీటిని రెండడుగులు తక్కువ చూపించింది. రోడ్డు గట్టును పటం సరిగా పట్టుకోలేదు. గోడల కొలతలు లేకపోతే ఆ సంగతి ఎవరికీ తెలిసేది కాదు. అది చూసి ఆచార్యుడు మొదటిసారి నవ్వాడు. ఇప్పుడు నాకు ఉద్యోగం వెతుక్కోవడానికి పద్దెనిమిది నెలల అనుమతి వుంది. అక్కడ వుంటానా, వస్తానా అని అందరూ అడుగుతున్నారు. నాన్న ఒక్కడే అడగడం లేదు. కాలవకట్ట పక్క చేను కొన్నాయన దాన్ని అమ్మే ఆలోచనలో వున్నాడని మాత్రం ఫోనులో రెండుసార్లు అన్నాడు.

కొలతల పుస్తకం నకలు ఒకటి మన సివిల్ విభాగంలో ఇచ్చాను. కళ్ళతో చూసిందే వ్రాశాం, విన్నది వేరే రంగు సిరాతో వ్రాశాం. పాయకాపురంలో రెండు వీధులు, రైలుకట్ట దిగువన ఒక వరుస ఇళ్ళు మాకు సమయం చాలక మిగిలిపోయాయి. ఆ ఇళ్ళలో కొన్ని పడగొట్టి కొత్తవి కడుతున్నారని విన్నాను. యంత్రం విభాగంలోనే వుంది. రెండు ఆదివారాలు చాలు.